కాశ్యపుణ్ణి వెనక్కి పంపిందెవరు?

నెల్లూరు తీరంలో తుమ్మలపెంట, జువ్వలదిన్నె మొదలు మైపాడు, కృష్ణపట్నం దాకా ఏ పాళెంలోనైనా ఒక మనిషి ఉన్నట్టుండి పోతే, పరామర్శకు వచ్చిన పెద్దల నోట వచ్చే మాట ఒకటుంది: "ఆయుష్షు అంతవరకే రాసిపెట్టి ఉంది, మనమేం చేయగలం." 2022 ఫిబ్రవరి 21న రాష్ట్ర పరిశ్రమల మంత్రి, ఈ జిల్లా బిడ్డ మేకపాటి గౌతమ్ రెడ్డి యాభై ఏళ్ళ వయసులో హైదరాబాదులో గుండె ఆగి చనిపోయినప్పుడూ జిల్లాలో ఎన్నో నోళ్ళలో ఇదే మాట నలిగింది. ఆ మాటలోని దయను నేను కాదనను. ఏడుస్తున్న ఇల్లాలి పక్కన కూర్చుని అంతకంటే మంచిమాట చెప్పడం కష్టం. అయితే ఆ మాట ఓదార్పుతో ఆగదు, అందులో ఒక సిద్ధాంతమూ ఉంది. మనిషి చావుకు ముందే ముహూర్తం పెట్టి ఉంటుందనీ, ఆ గడియ వచ్చాక వైద్యమూ లేదు ప్రార్థనా లేదనీ ఆ సిద్ధాంతం చెబుతుంది. అది నిజమా అన్నది మతానికీ తత్వానికీ సంబంధించిన ప్రశ్న. దాన్ని గాలిలో తేల్చలేం. ఒక జబ్బును ముందు పెట్టుకుని అడగాలి. నాకు కనిపించినంతలో ఈ సిద్ధాంతాన్ని అన్నిటికంటే గట్టిగా పరీక్షకు పెట్టేది రక్తనాళం ఉన్నట్టుండి ముడుచుకుపోయే జబ్బు. డాక్టర్లు స్పాజమ్ అంటారు. దాని తీరు తెలిస్తే, రాసిపెట్టి ఉందన్న మాటను ఎప్పుడు అనవచ్చో ఎప్పుడు అనకూడదో కూడా తెలుస్తుంది.

ఈ జబ్బును కళ్ళతో చూడాలంటే గుండె దాకా వెళ్ళక్కర్లేదు. ఐసు నీళ్ళలో గంటల తరబడి రొయ్యలు వలిచే ఆడవాళ్ళ చేతులు చూస్తే చాలు. అందరికీ రాదు గానీ కొందరికి చలి తగలగానే వేళ్ళ కొసలు పాలిపోతాయి. తెలుపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వేలి మీద స్పష్టంగా తెలుస్తుంది. తిమ్మిరెక్కి, పట్టుకున్న రొయ్య తోక కూడా తెలియదు. కాసేపటికి ఆ తెలుపు నీలమవుతుంది. చేతులు తుడుచుకుని చంకల్లో పెట్టుకుంటే నెత్తురు తిరిగొచ్చి వేళ్ళు ఎర్రబడి చుర్రుమని మండుతాయి. ఫ్రాన్సులో మోరిస్ రేనో అనే వైద్యుడు 1862లో దీన్ని వర్ణించాడు, ఇప్పటికీ ఆయన పేరే వాడుతున్నారు. ఆ వేళ్ళలో ఎక్కడా అడ్డు లేదు, కొవ్వు పేరుకోలేదు, గడ్డ కట్టలేదు. నాళం గోడలో ఒక కండరపు పొర ఉంది. దానిలోకి కాల్షియం ఎక్కువగా చేరితే అది బిగుసుకుంటుంది. నాళం లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును కొద్దికొద్దిగా వదులుతూ ఆ బిగువును సడలిస్తూ ఉంటుంది. ఈ సంగతి కనిపెట్టినందుకే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మ్యురాడ్ అనే ముగ్గురికి 1998లో నోబెల్ వచ్చింది. పొగ తాగడం వల్లనో, షుగరు వల్లనో ఆ లోపలి పొర దెబ్బతింటే సడలించే శక్తి తగ్గిపోతుంది, బిగిసే గుణం మిగులుతుంది. అప్పుడు చలి, భయం, కోపం, కొన్ని మందులు, ఏదో ఒకటి తగిలితే చాలు, నాళం మూసుకుంటుంది.

వేలికి వచ్చింది గుండెకు వస్తే ఏమవుతుందో 1959లో అమెరికాలో మైరన్ ప్రింజ్‌మెటల్ రాశాడు. పరుగెత్తినప్పుడో బరువు మోసినప్పుడో వచ్చే మామూలు గుండెనొప్పి కాదిది. మనిషి పడుకుని ఉండగా, ఎక్కువగా నడిరాత్రి దాటాక తెల్లవారేలోపు వస్తుంది. కొన్ని నిమిషాలు పిండేసి పోతుంది. నొప్పి ఉన్నంతసేపు ఈసీజీలో గుండెపోటు గుర్తులే కనిపిస్తాయి, నొప్పి పోయాక తీస్తే కాగితం శుభ్రంగా ఉంటుంది. యాంజియోగ్రామ్ చేస్తే నాళాలు బాగానే ఉన్నాయని రావచ్చు. 1970లలో ఇటలీలో మసేరీ, ఆయన తోటి వైద్యులు నొప్పి వచ్చిన సమయంలోనే ఫోటోలు తీసి, నాళం ముడుచుకోవడాన్ని నేరుగా చూపించేదాకా చాలామంది దీన్ని నమ్మలేదు. ఎక్కువసేపు ముడుచుకుని ఉంటే గుండె కండరం చచ్చుబడుతుంది, లేదా గుండె లయ తప్పి మనిషి అక్కడికక్కడే పోతాడు. దీనికి ఉన్న కారణాలన్నిట్లో పొగ ముందుంటుంది. తీరం వెంట ఇదొక చిక్కు. ఈ జబ్బు విరుచుకుపడే వేళ, వేటకు పడవ నెట్టే వేళ ఒకటే. చీకట్లోనే లేచి చలిగాలిలో బీడీ వెలిగించుకుని పడవ దగ్గరికి నడిచే మనిషికి ఛాతీలో పట్టేస్తే, కాసేపు ఇసకలో కూర్చుంటాడు, తగ్గుతుంది, గ్యాస్ అనుకుంటాడు, లేచి వెళ్ళిపోతాడు.

రాత గురించిన వాదం ఇక్కడే తేలాలి. ముప్పై ఏళ్ళుగా నాళంలో కొవ్వు పేరుకుని పేరుకుని ఒకనాడు పూర్తిగా మూసుకుపోతే, అది ముందే రాసిపెట్టినట్టు కనిపించడంలో వింత లేదు. కారణం ఎప్పుడో మొదలైంది, ఫలితం ఇప్పుడు వచ్చింది, మధ్యలో మనకు తెలియలేదు. స్పాజమ్ అలా కాదు. గంట ముందు ఆ నాళం తెరుచుకునే ఉంది. నాలుక కింద ఒక చిన్న మాత్ర కరిగితే కొన్ని నిమిషాల్లో మళ్ళీ తెరుచుకుంటుంది. మూసుకోవడానికీ తెరుచుకోవడానికీ నడుమ ఉన్న ఆ కొద్దిసేపట్లో మనిషి బతుకు ఊగిసలాడుతుంది. ఆ కొద్దిసేపట్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి చేస్తే ఒక ఫలితం, చేయకపోతే ఇంకొక ఫలితం. రెండు ఫలితాలకూ శరీరం సిద్ధంగానే ఉంది. ఇలాంటి చోట ముందే ఒకటి ఖాయమైందని చెప్పడానికి శరీరం నుంచి మనకు ఏ సాక్ష్యమూ లేదు.

సాక్ష్యం కావాలంటే తేలుకాటు చూడండి. మన మెట్ట ప్రాంతాల్లోనూ మహారాష్ట్ర కొంకణ తీరంలోనూ ఉండే ఎర్రతేలు కుట్టినప్పుడు దాని విషం శరీరంలో అడ్రినలిన్ జాతి రసాయనాలను వరదలా విడుదల చేయిస్తుంది. ఒళ్ళంతా నాళాలు బిగుసుకుంటాయి. పిల్లవాడికి చెమటలు కారిపోతాయి, వాంతులవుతాయి, చేతులూ కాళ్ళూ చల్లబడతాయి, బిగిసిన నాళాల్లోకి నెత్తురు తోయలేక గుండె అలిసిపోయి, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. తేలుమంత్రం వేసినా, ఆకుపసరు కట్టినా, ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించినా, ఇది ముదిరితే చాలామంది పిల్లలు దక్కేవాళ్ళు కాదు. రాయగఢ్ జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డ్యూటీ చేసిన హిమ్మత్‌రావ్ బావస్కర్ అనే డాక్టరు ఆ పిల్లల మంచాల పక్కనే కూర్చుని, చావుకు అసలు కారణం నాళాల బిగువేనని గుర్తించాడు. బీపీకి వాడే ప్రజోసిన్ అనే మామూలు మాత్రను ఇవ్వడం మొదలుపెట్టాడు. చేతులూ కాళ్ళూ మళ్ళీ వెచ్చబడేదాకా మూడేసి గంటలకు ఒకసారి ఇవ్వడం, ఇంతే వైద్యం. 1980లలో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆయన వ్యాసాలు ప్రపంచమంతా చదివింది. విషం తీవ్రంగా ఎక్కిన వాళ్ళలో నూటికి నలభై మంది దాకా పోయే చోట, చావులు నూటికి ఒకటి రెండుకు దిగాయి. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. అంతకుముందు పోయిన ప్రతి బిడ్డ ఇంటి ముందూ ఆయుష్షు అంతే అన్న మాట వినిపించే ఉంటుంది. ఆ మాట నిజమైతే, ఒక చవక మాత్ర ఊళ్ళోకి వచ్చిన ఏడు నుంచీ దేవుడు ఆ తాలూకా పిల్లల రాతలన్నీ తిరగరాశాడని ఒప్పుకోవాలి. అలా ఒప్పుకునే బదులు, అంతకుముందు రాసిపెట్టి ఉన్నది మన తెలియనితనమేనని ఒప్పుకోవడం దేవుడి మీద భక్తికి కూడా గౌరవంగా ఉంటుంది.

ఇదంతా పాశ్చాత్య వైద్యం మన సంప్రదాయానికి నేర్పే పాఠమని ఎవరైనా అనుకుంటే పొరపాటు. మన సంప్రదాయం ఈ ప్రశ్నను ఎప్పుడో అడిగింది, సూటిగా జవాబూ చెప్పింది. చరకసంహిత విమానస్థానం మూడో అధ్యాయంలో అగ్నివేశుడు తన గురువైన ఆత్రేయుణ్ణి అడుగుతాడు, ప్రాణులందరి ఆయుష్షుకూ కాలం ముందే నిర్ణయమై ఉందా లేదా అని. దైవమూ పురుషకారమూ రెండూ కలిస్తేనే ఆయుష్షని ఆత్రేయుడి సమాధానం. దైవమంటే పూర్వం చేసిన కర్మ, పురుషకారమంటే ఇప్పుడు చేసే కర్మ, వాటిలో బలమైనది బలహీనమైనదాన్ని అణచివేస్తుంది. అందరి ఆయుష్షూ ముందే నిర్ణయమైతే మంత్రాలెందుకు, ఓషధులెందుకు, మదపుటేనుగు ఎదురొస్తే పక్కకు తప్పుకోవడమెందుకు, అశ్వినీదేవతలు వైద్యం చేయడమెందుకు అని ఆయన వరసగా అడుగుతాడు. తరవాత బండి ఇరుసు సంగతి చెబుతాడు. మంచి ఇరుసు తన బలం ఉన్నంతకాలం పనిచేసి, అరిగి, తన వేళకు పోతుంది. అదే ఇరుసు మోయలేని బరువు వేస్తేనో, గతుకుల దారిలో తోలితేనో, నూనె పెట్టకపోతేనో నడిదారిలో విరుగుతుంది. మొదటిది కాలమృత్యువు, రెండోది అకాలమృత్యువు. ఈ తేడా చేయగలిగిన వాడే వైద్యుడని ఆ చర్చ ధోరణి. విరిగిన ఇరుసును చూపి దీని కాలం తీరిందనే బండివాడిని ఎవరూ క్షమించరు.

శాస్త్రం అక్కడుంటే ఆచారం ఇక్కడుంది. పెన్న ఒడ్డున తల్పగిరి రంగనాథుడి గుడిలో తీర్థం పుచ్చుకునే వేళ అర్చకుడు చదివే మాటలు అందరం వింటాం. అకాలమృత్యువును హరించమని అందులో అడుగుతాం. అన్ని చావులూ సకాలంలోనే వస్తాయని నిజంగా నమ్మే సమాజం రోజుకు ఇన్ని వేల దోసిళ్ళలో ఆ కోరిక పోయదు. అదే ఊళ్ళో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాకు మొహర్రం సమయంలో రొట్టెల పండగకు వచ్చే జనం, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఆరోగ్య రొట్టె కోసం చేయి చాస్తారు. కోరిక తీరినవాళ్ళు మరుసటేడు వచ్చి రొట్టె పంచుతారు. హిందువులూ ముస్లిములూ కలిసి చేసే ఈ పండగ పునాదిలో ఉన్న నమ్మకం ఒక్కటే, మనిషి పరిస్థితి మారగలదని. 2021 మేలో కోవిడ్ రెండో అల ఉధృతంగా ఉండగా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేలమంది ఎండలో నిలబడ్డారు. ఆ మందు మంచిచెడ్డలు ఇక్కడ అప్రస్తుతం. ఆ వరసలో నిలబడిన వాళ్ళలో ఎంతమంది తమ ఇంటి గుమ్మంలో ఆయుష్షు ముందే నిర్ణయమైందని అని ఉంటారో ఆలోచించండి. ఒంటి మీదికి వస్తే ఎవరూ అలా నమ్మరు. ఊపిరి ఆడనప్పుడు మనిషి ఆక్సిజన్ సిలిండరు వెతుకుతాడు, జాతకం వెతకడు. ఆ వెతుకులాటే మన అసలు మతం. అలా వెతకడాన్ని దేవుడి మీద అపనమ్మకమని ఎవరూ అనలేదు.

దీనికి ఎదురుగా పరీక్షిత్తు కథ చూపించవచ్చు. ఏడు రోజుల్లో చస్తావని శాపం తగిలితే గంగ ఒడ్డున కూర్చుని భాగవతం విని ప్రశాంతంగా వెళ్ళిపోయిన రాజు ఆయన. విధిని అంగీకరించడంలోని గొప్పతనానికి అంతకంటే పెద్ద ఉదాహరణ మన దగ్గర లేదు. నిజమే. కాని భారతం ఆదిపర్వంలో ఇదే కథ ఇంకోలా ఉంది, నన్నయ తెలుగు చేసిన పర్వం కాబట్టి మనకు కొత్తది కాదు. అక్కడ రాజు ఒంటిస్తంభపు మేడ కట్టించుకుని, వైద్యుల్నీ మందుల్నీ చుట్టూ పెట్టుకుంటాడు. ఆయన్ని కాపాడాలని, విషవైద్యం ఎరిగిన కాశ్యపుడు దారిలో వస్తుంటాడు. రాజును కాటేయబోతున్న సర్పరాజు తక్షకుడు ఎదురై తన విషంతో ఒక మర్రిచెట్టును బూడిద చేస్తే, కాశ్యపుడు ఆ చెట్టును మళ్ళీ చిగురింపజేస్తాడు. అంటే ఆయన వెళితే రాజు బతుకుతాడని పాఠకుడికి అనుమానం మిగలదు. అప్పుడు తక్షకుడు రాజు ఇవ్వగలిగినంత ధనం తానే ఇస్తానంటాడు. కాశ్యపుడు ధ్యానం చేసి చూసి, రాజుకు ఆయుష్షు తీరిందని తెలుసుకుని, ధనం పుచ్చుకుని వెనక్కి తిరిగిపోతాడు.

ఈ ఘట్టం దగ్గర కాసేపు ఆగాలి. కాశ్యపుడు చెప్పిన కారణం, మన పరామర్శల్లో వినిపించే కారణం ఒకటే. ఆయుష్షు తీరింది. కాని ఆ మాట వచ్చేటప్పటికి బేరం మొదలైపోయింది. ఆయన దివ్యదృష్టిని శంకించమని నేను అనడం లేదు. కథకుడు ఆ దివ్యదృష్టినీ ధనపు మూటనూ ఒకే చోట పక్కపక్కన పెట్టాడు, అది గమనించమంటున్నాను. ఆ తరవాత కొన్నేళ్ళకు పరీక్షిత్తు కొడుకు జనమేజయుడు తండ్రి చావు గురించి మంత్రుల్ని అడిగి తెలుసుకుంటాడు. శాపం సంగతి వింటాడు, విధి సంగతి వింటాడు. అతనికి కోపం తెప్పించింది మాత్రం ఇంకొకటి. కాశ్యపుడు వస్తే మా నాన్న బతికేవాడు కదా, తక్షకుడు ఆయన్ని ఎందుకు వెనక్కి పంపాడు అన్నదే అతని బాధ. సర్పయాగం అంతటి ఘోరానికి దారితీసిన కోపం అది, ఆ యాగాన్ని నేను సమర్థించను, భారతమూ ఆస్తీకుడి చేత దాన్ని ఆపించింది. కాని ఆ కొడుకు అడిగిన ప్రశ్న సరైనదే. ఆయుష్షు తీరిందా అని అడగలేదతను. వైద్యుణ్ణి దారిలో ఎవరు తిప్పి పంపారని అడిగాడు. ప్రతి అకస్మాత్తు మరణం దగ్గరా అడగవలసింది ఇదే ప్రశ్న అని నా వాదం. తక్షకుడే కానక్కర్లేదు. రాత్రిపూట ఖాళీగా ఉన్న డ్యూటీ గది కావచ్చు, పాడైపోయి మూల పడేసిన ఈసీజీ మిషను కావచ్చు, తెల్లారాక చూద్దాంలే అన్న ఇంటివాళ్ళు కావచ్చు, గ్యాస్ అని నచ్చజెప్పుకున్న రోగే కావచ్చు.

గట్టి విధివాది ఇక్కడ ఒక మాటంటాడు. మందు అందడం కూడా రాతే, అందకపోవడం కూడా రాతే, బావస్కర్ పుట్టడం కూడా రాతే. దీన్ని తర్కంతో పడగొట్టడం ఎవరి తరమూ కాదు, ఎందుకంటే ఏం జరిగినా అది నిజమే అవుతుంది. కాని ఏం జరిగినా నిజమయ్యే మాట ఏం చేయాలో చెప్పలేదు. రోగం రాసి ఉంటే నయం కావడమూ రాసి ఉండవచ్చు, నయం కావడం రాసి ఉంటే డాక్టరు దగ్గరికి పరుగెత్తడమూ దానితో కలిపే రాసి ఉండాలి. రెండువేల రెండువందల ఏళ్ళ కిందట గ్రీసులో క్రిసిప్పస్ అనే తాత్వికుడు, తాను విధిని నమ్ముతూనే, ఎలాగూ రాసి ఉంది కాబట్టి ఏమీ చేయనక్కర్లేదనే సోమరివాదానికి ఇదే జవాబు చెప్పాడు. కాబట్టి విధిని నమ్మేవాడు నమ్ముకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. ఆ నమ్మకం నుంచి ఇంట్లోనే ఉండమన్న సలహా మాత్రం రాదు. పరుగెత్తమన్న సలహాకు అది ఎంత అడ్డో, ఆగమన్న సలహాకూ అంతే అడ్డు.

ఇంకొంచెం బలమైన అభ్యంతరం లాస్ ఏంజెలెస్ నుంచి వస్తుంది. 1994 జనవరి 17న తెల్లవారుజామున అక్కడ నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చింది. ఆ కౌంటీలో గుండెజబ్బుతో హఠాత్తుగా పోయేవాళ్ళు రోజుకు సగటున 4.6 మంది ఉండగా, ఆ ఒక్కరోజు 24 మంది పోయారు. ఎక్కువమంది ఇటుక కింద పడి కాదు, పరుగెత్తీ కాదు, భయానికి. దీన్ని పరిశీలించిన వైద్యులకు ఇంకొక సంగతి కూడా తెలిసింది. ఆ తరవాతి ఆరు రోజుల్లో ఆ లెక్క సగటు కంటే తగ్గి 2.7కు దిగింది. అంటే త్వరలో పోవలసినవాళ్ళే ఆరోజు పోయారు, భూకంపం కాస్త తొందరపెట్టింది, అంతే కదా అనవచ్చు. కొంతమంది విషయంలో అంతే కావచ్చు. కాని ఆరు రోజుల్లో తగ్గిన మొత్తం కలిపినా ఆ ఒక్కరోజు పెరిగిన సంఖ్యకు చాలదు. అదలా ఉంచినా, తొందరపెట్టడమన్న మాట ఒప్పుకున్నాక ఇక వాదమేముంది? జబ్బుతో ఉన్న ఇరుసు మీద అనుకోని బరువు పడి ముందే విరిగితే దాన్నే చరకుడు అకాలమన్నాడు. నాలుగు రోజులు ముందైనా, నలభై ఏళ్ళు ముందైనా అకాలం అకాలమే. ఆ నాలుగు రోజుల్లో కూతురు ఊరినుంచి వచ్చేది కావచ్చు.

భయం మాట వచ్చింది కాబట్టి మనసు సంగతి కూడా చూడాలి. ఇక్కడ నాకు ఎక్కువ జాగ్రత్త అవసరమనిపిస్తుంది. హార్వర్డ్‌లో శరీరధర్మశాస్త్రం చెప్పిన వాల్టర్ కానన్ 1942లో రాసిన వ్యాసంలో, చేతబడి జరిగిందని నమ్మిన మనిషి భయంతోనే చనిపోగలడని వాదించాడు. మన పల్లెల్లో చేతబడి భయంతో పడకేసిన వాళ్ళ కథలు అందరికీ తెలుసు. దయ్యం ఉండనక్కర్లేదు, దయ్యం ఉందన్న నమ్మకం చాలు, నరాల ద్వారా నాళాల దాకా దెబ్బ తగులుతుంది. 1990 ప్రాంతంలో జపాన్ వైద్యులు టకోత్సుబో అని పేరుపెట్టిన గుండెజబ్బు ఎక్కువగా నడివయసు దాటిన ఆడవాళ్ళకు, భర్తో బిడ్డో పోయిన వార్త విన్న వెంటనే వస్తుంది. గుండె గోడ ఒక పక్క కదలిక మానేస్తుంది, చాలామందికి కొన్ని వారాల్లో మళ్ళీ కోలుకుంటుంది. గుండె పగిలిందన్న మాట ఉత్త అతిశయోక్తి కాదని అది చెబుతోంది. భారతం ఉద్యోగపర్వంలో ధృతరాష్ట్రుడు విదురుణ్ణి అడుగుతాడు, మనిషికి నూరేళ్ళు అంటారు కదా, మరి నూరేళ్ళూ ఎందుకు బతకడని. గర్వం, అతివాగుడు, త్యాగం లేకపోవడం, కోపం, పేరాశ, మిత్రద్రోహం, ఈ ఆరు కత్తులే ఆయుష్షును నరుకుతాయి, చంపేది ఇవే గాని మృత్యువు కాదని విదురుడి జవాబు. ఆ పర్వాన్ని పదమూడో శతాబ్దంలో తెలుగు చేసిన తిక్కన నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్నవాడే. మనసులోని కోపానికీ శరీరం ఆయుష్షుకూ ముడిపెట్టిన ఆలోచన ఈ ఊరికి ఏడువందల ఏళ్ళ పాతది.

కాని విదురుడి మాటను తిప్పి రోగి మీద విసరడం ఘోరం. కోపిష్టి కాబట్టి పోయాడు, దిగులు మనిషి కాబట్టి తెచ్చుకుంది అనే మాటలు ఓదార్పు ముసుగేసుకున్న తీర్పులు. విదురుడు ఆ మాట అన్నది చనిపోయినవాడి పాడె దగ్గర కాదు. ఇంకా బతికి ఉన్న, ఇంకా తప్పు దిద్దుకోగల రాజుతో అన్నాడు. పైగా ముడుచుకునే గుణం కొందరికి పుట్టుకతో వస్తుంది, కొందరికి పొగ వల్ల వస్తుంది, కొందరికి పడని మందో ఆహారమో తగిలి వస్తుంది. దిగులు లేని మనిషికీ వస్తుంది. ఇందులో ఎక్కువ నలిగేది ఆడవాళ్ళు. ఛాతీ పట్టేసిందని ఆసుపత్రికి వస్తే, నొప్పి పోయాక తీసిన ఈసీజీ బాగుంటుంది, యాంజియోగ్రామ్ బాగుంటుంది, ఏమీ లేదమ్మా మనసు కుదుటపరుచుకో అని పంపేస్తారు. ఏమీ లేదన్న మాటకు అర్థం మన పరీక్షలో దొరకలేదనే గాని, నొప్పి లేదని కాదు. మనసు వల్ల వచ్చినా నాళం నిజంగానే ముడుచుకుంటుంది, కండరం నిజంగానే చస్తుంది. మనసుదని తీసిపారేయడం, ఆత్మ వేరు దేహం వేరన్న వేదాంతాన్ని చాలా చౌకగా వాడుకోవడం.

చివరి అభ్యంతరం భక్తుడిది, నాకు దాని మీద గౌరవం ఎక్కువ. రంగనాథుడి పాదాల దగ్గర శరణాగతి చేసినవాడు ప్రాణం కోసం ఇంత పాకులాడాలా? శ్రీవైష్ణవంలో ఈ చర్చ పాతది. పిల్లిపిల్ల లాగా అంతా తల్లికి వదిలెయ్యాలన్నవాళ్ళున్నారు, కోతిపిల్ల లాగా తన పట్టు తానూ బిగించాలన్నవాళ్ళున్నారు. నేను ఆ రెండింట్లో తీర్పు చెప్పలేను. కాని నాకు అర్థమైనంతలో శరణాగతి ఎవరి ప్రాణానికి వాళ్ళు చేసేది. నా ప్రాణం దేవుడికి వదిలే హక్కు నాకుంది. పక్కింటివాడి ప్రాణాన్ని, వాడి తరఫున, వాడు ఇసకలో చెమటలు కక్కుతుండగా వదిలే హక్కు నాకెవరిచ్చారు? తనకోసం వైరాగ్యం ఎంత ఎక్కువుంటే అంత పుణ్యం. ఎదుటివాడి విషయంలో చూపే వైరాగ్యానికి మన భాషలో నిర్దయ అని పేరు. రాసిపెట్టి ఉందన్న మాట చావు తరవాత, ఏమీ మిగలనప్పుడు, పెద్దల నోట రావచ్చు. నొప్పి మొదలైనప్పుడు రాకూడదు.

సముద్రం విషయంలో ఈ తీరం ఈ తేడాను ఇప్పటికే నేర్చుకుంది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు పదివేల మంది పోయారు. 1989 నవంబరులో అంతకు తీసిపోని గాలితో తుపాను కావలి దగ్గర తీరం దాటినప్పుడు రాష్ట్రంలో చనిపోయినవాళ్ళు వందలోపే. ఉప్పెన ఎత్తులో తేడా ఉంది, నిజమే. ముందుగా హెచ్చరిక అందడం, జనాన్ని తరలించడం, ఎత్తయిన చోట తలదాచుకునే గట్టి కట్టడాలు, వీటి వల్ల వచ్చిన తేడా కూడా ఉంది. ఇప్పుడు తుపాను జెండా ఎగిరితే ఏ పట్టపుపాళెంలోనూ రాసిపెట్టి ఉంటే పోతాం లెమ్మని ఇంట్లో కూర్చోరు. గంగమ్మకు మొక్కుకుంటారు, పడవలు పైకి లాక్కుంటారు, పిల్లల్ని తీసుకుని షెల్టరుకు పోతారు. మొక్కుకూ షెల్టరుకూ వాళ్ళకు ఎక్కడా తగాదా కనిపించలేదు. తెల్లవారుజామున ఛాతీ పట్టేసినప్పుడు కావలసిందీ అలాంటిదే, ఇంకా తక్కువ ఖర్చుతో. నొప్పి పోయేదాకా ఆగకుండా, నొప్పి ఉండగానే ఈసీజీ తీయాలి, ఎందుకంటే తరవాత తీసిన కాగితం అబద్ధం చెబుతుంది. అందుకు రేవుకు దగ్గరి ఆరోగ్య కేంద్రంలో మిషను పనిచేయాలి, రాత్రి మూడింటికి దాన్ని తీయగల మనిషి ఉండాలి. ఒకసారి తగ్గిపోయినా 108కి ఫోను చేయాలి. కాల్షియం చానెల్‌ను అడ్డుకునే మందులు ఈ జబ్బును చాలామందిలో అదుపులో పెడతాయి, రోజూ వేసుకోవలసిన ఆ మాత్రలు తమంతట తాము మానేస్తే నొప్పి తిరగబెట్టవచ్చు. గుండెజబ్బుకు మామూలుగా ఇచ్చే బీటా బ్లాకర్లలో కొన్ని దీన్ని ఎక్కువ చేయగలవు కాబట్టి, పక్కింటాయన మాత్ర అరువు తెచ్చుకుని మింగకూడదు. నొప్పి ఏ వేళకు వచ్చింది, పడుకున్నప్పుడా నడుస్తున్నప్పుడా, ఎన్ని నిమిషాలుంది, ముందు బీడీ తాగాడా, ఇవన్నీ డాక్టరుకు చెప్పగలిగేది ఇంట్లో ఆ సమయంలో మెలకువగా ఉన్నవాళ్ళే.